తిరిగొచ్చిన తమ్ముడు, గుమ్మం బయట ఆగిపోయిన అన్న



ఈ వారం వీడియోలో క్షమ గురించి మాట్లాడుకున్నాం. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. కానీ అందులో చెప్పడానికి నాకు ధైర్యం చాలని సంగతి ఒకటి మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను. కెమెరా ముందు కంటే కీబోర్డు ముందు నాకు కొంచెం ధైర్యం ఎక్కువ.

ముందే ఒక మాట. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో ఎక్కువ భాగం క్యాథలిక్ క్రైస్తవుల గురించి. మన ఛానల్లో ఇదేంటి అనుకోకండి. నేను రోజూ పొద్దున్నే దీపం పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాడినే. నన్నెవరూ మారమనలేదు, నేను మిమ్మల్నీ మారమనట్లేదు. కానీ మా ఇంట్లో పడిపోయిన ఒక పెద్ద ముడి విప్పుకోవడానికి నాకు దారి చూపించింది ఒక క్యాథలిక్ కుటుంబం. మంచి మాట ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పకుండా దాచుకుంటే అది కృతఘ్నత అవుతుంది కదండీ.

మా ఇంట్లో జరిగింది ఇదీ

నాకు ఒక తమ్ముడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఇంజినీరింగ్ అయ్యాక రెండేళ్లు వాడికి ఉద్యోగం రాలేదు. ఆ ఖాళీలో ఫోన్లో క్రికెట్ బెట్టింగ్ అలవాటయింది. మొదట వందలు, తర్వాత వేలు. నాన్న రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో కొంత అమ్మ మోకాళ్ల ఆపరేషన్ కోసమని బ్యాంకులో విడిగా ఉంచారు. నాన్నకి ఫోన్లో బ్యాంకు పనులు చేసుకోవడం రాదు. వాడే చేసిపెట్టేవాడు. ఒకరోజు నాన్న బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటే 6 లక్షల 40 వేలు లేవు.

వాడు ఆ రాత్రే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఐదు నెలలు ఎక్కడున్నాడో తెలీదు. "బానే ఉన్నా" అని అమ్మకి రెండు మెసేజ్‌లు, అంతే. ఇక్కడ నేను పర్సనల్ లోన్ తీసుకుని అమ్మకి ఆపరేషన్ చేయించాను. నెలకి 17 వేలు ఈఎంఐ, నాలుగేళ్లు. నాకు చూస్తున్న సంబంధం కూడా ఆ గొడవలో ఆగిపోయింది. నేనేమీ అనలేదు. కట్టుకుంటూ పోయాను. అందరూ "పెద్దాడు బంగారం" అన్నారు. ఆ మాట వినడం నాకు బాగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు వాడు తిరిగొచ్చాడు. నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. భోగి రోజు పొద్దున్నే హైదరాబాద్ నుంచి రాజమండ్రిలో బస్సు దిగి ఇంటికి వెళ్తే, వంటింట్లో గారెల వాసన. అమ్మ ఆపరేషన్ కాళ్లతో నిలబడి వాడికిష్టమని గారెలు వేస్తోంది. వాడు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నాన్న కొనిపెట్టారట. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి "అన్నయ్యా" అని లేచి నిలబడ్డాడు. నేను చెప్పులు కూడా విప్పలేదు. బ్యాగ్ భుజాన వేసుకుని అలాగే వెనక్కి వచ్చేశాను. సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పాను. "నీ కొడుకు ఆ ఇంట్లో ఉన్నంతకాలం నేను రాను."

ఆ "నీ కొడుకు" అనే మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

గుణదల

హైదరాబాద్‌లో నా రూమ్మేట్‌ది విజయవాడ. క్యాథలిక్ కుటుంబం. నేను పండక్కి వెళ్లి ఒక్కరోజులో తిరిగొచ్చేసరికి వాడికి అర్థమైపోయింది. ఏమీ అడగలేదు. ఫిబ్రవరి రాగానే, "మా ఊరు తిరునాళ్లకి రారా, ఊరికే గదిలో కూర్చుని ఏం చేస్తావ్" అన్నాడు.

గుణదల మాత గురించి విజయవాడ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1924లో ఆ కొండ మీద మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు. ఫ్రాన్సులోని లూర్దులో 1858లో మరియమాత దర్శనమిచ్చిందని క్యాథలిక్కులు నమ్ముతారు. ఆ లూర్దుమాత పండగే ఫిబ్రవరి 11. గుణదలకి వచ్చేవాళ్లలో మనవాళ్లూ బోలెడుమంది. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు. కొండ మెట్లెక్కుతూ చూస్తే ఎవరిది ఏ మతమో చెప్పడం కష్టం. అందరి మొహాల్లోనూ ఇంటి సమస్యే కనిపిస్తుంది. పిల్లాడి చదువు, మొగుడి తాగుడు, కూతురి సంబంధం.

కానీ నేను నేర్చుకున్నది కొండ మీద కాదు. వాళ్ల ఇంట్లో.

వాళ్ల నాయనమ్మ పక్షవాతంతో మూడేళ్లుగా మంచం మీద ఉంది. ఆంటీ, అంటే రూమ్మేట్ వాళ్లమ్మ, ఆమెకి జావ పట్టిస్తోంది. రెండో చెంచాకే ముసలావిడ ఉమ్మేసి "ఉప్పు" అని కసిరింది. ఆంటీ లేచెళ్లి కొంచెం నీళ్లు కలిపి తెచ్చి మళ్లీ మొదలుపెట్టింది. నా రూమ్మేట్ నా చెవిలో చెప్పాడు. ఈ నాయనమ్మే పదిహేనేళ్లపాటు వాళ్లమ్మని కట్నం తక్కువ తెచ్చిందని నలుగురిలో అవమానించిందట.

నేనుండబట్టలేక అడిగేశాను. "ఆంటీ, మీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు బాబూ! పొద్దున కూడా వచ్చింది. వంటింట్లోకెళ్లి రెండు గిన్నెలు గట్టిగా పెట్టాను."

"మరి ఎలా చేస్తున్నారు?"

"ప్రేమ పుట్టాక చేద్దామని కూర్చుంటే ఈవిడ ఆకలితో పోతుంది. ముందు జావ పెడతాను. ప్రేమ సంగతి ప్రభువు చూసుకుంటాడు."

ఇన్నాళ్లూ నేను దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాను. క్షమ అంటే ముందు మనసులో కోపం పోవాలి, ఆ తర్వాత మాట్లాడాలి అనుకున్నాను. కోపం పోవట్లేదు కాబట్టి మాట్లాడట్లేదు. లెక్క సరిపోయిందనుకున్నాను. ఆంటీ లెక్క వేరు. కోపం ఉండగానే జావ పెట్టింది.

ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

వాళ్ల ఫ్రిజ్ మీద గుడిలో ఇచ్చిన ఒక కాగితం అంటించి ఉంది. కారుణ్య కార్యాలు అని పైన రాసి ఉంది. మొత్తం పద్నాలుగు. క్యాథలిక్ సంప్రదాయంలో చాలా పాతది ఈ జాబితా. ఏడు శరీరానికి సంబంధించినవి, ఏడు ఆత్మకి సంబంధించినవి.

మొదటి ఏడు: ఆకలిగా ఉన్నవాళ్లకి అన్నం పెట్టడం, దాహంగా ఉన్నవాళ్లకి నీళ్లివ్వడం, బట్టలు లేనివాళ్లకి బట్టలివ్వడం, నీడ లేనివాళ్లకి ఆశ్రయమివ్వడం, రోగుల్ని చూడటం, జైల్లో ఉన్నవాళ్లని పరామర్శించడం, చనిపోయినవాళ్లని సమాధి చేయడం. వీటిలో మొదటి ఆరు మత్తయి సువార్త 25వ అధ్యాయం నుంచి వచ్చినవి. ఆకలితో ఉన్నవాడికి పెడితే అది తనకే పెట్టినట్టు అని యేసు చెప్పే చోటు అది.

రెండో ఏడు: సందేహంలో ఉన్నవాళ్లకి సలహా చెప్పడం, తెలియనివాళ్లకి నేర్పడం, తప్పు చేసినవాళ్లకి అది తప్పని చెప్పడం, బాధలో ఉన్నవాళ్లని ఓదార్చడం, మనకి చేసిన అపరాధాల్ని క్షమించడం, ఇబ్బంది పెట్టేవాళ్లని ఓపిగ్గా భరించడం, బతికున్నవాళ్ల కోసం, పోయినవాళ్ల కోసం ప్రార్థించడం.

నేనది చదువుతుంటే ఆంటీ వచ్చి పక్కన నిలబడింది. మా ఇంటి సంగతి ఆవిడకి కొడుకు ముందే చెప్పినట్టున్నాడు.

"నీ తమ్ముడు ఆకలితో వస్తే అన్నం పెడతావా బాబూ?"

"పెడతాను ఆంటీ. అంతవరకు పెడతాను."

"అయితే ఒకటి నీకు వచ్చేసినట్టే. అక్కడ మొదలుపెట్టు. కానీ అక్కడే ఆగిపోకు. కింద చూడు, క్షమించమని ఉంది, తప్పు చేసినవాడికి తప్పని చెప్పమని కూడా ఉంది. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. నువ్వు రెండూ చెయ్యలేదు. మాట్లాడటం మానేశావు."

నిజమే కదండీ. నేను వాడిని తిట్టలేదు, క్షమించలేదు. డబ్బు కట్టి, నోరు మూసుకుని, మనసులో వాడిని ఇంట్లోంచి తీసేశాను. అదే గొప్ప సహనం అనుకున్నాను.

పెద్దకొడుకు కథ

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఫోన్లో లూకా సువార్త 15వ అధ్యాయం చదివాను. తప్పిపోయిన కుమారుడి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు తండ్రి బతికుండగానే తన వాటా అడిగి తీసుకుని దూరదేశం పోతాడు. అంతా తగలేస్తాడు. కరువొస్తుంది. పందులు మేపే పనికి కుదురుతాడు. యూదులకి పంది అంటే అపవిత్రం, కాబట్టి అంతకంటే దిగజారడం ఉండదు. చివరికి, నాన్న దగ్గర కూలివాడిగా అయినా పడి ఉందామని బయల్దేరతాడు. తండ్రి దూరం నుంచే చూసి, పరిగెత్తుకుంటూ వెళ్లి కౌగిలించుకుంటాడు. మంచి బట్టలు, వేలికి ఉంగరం, కాళ్లకి చెప్పులు, ఇంట్లో విందు.

చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది. నాకు అక్కడే మొదలైంది. పొలం నుంచి పెద్దకొడుకు వస్తాడు. ఇంట్లో పాటలు, సందడి. ఏమిటని పనివాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. ఇంట్లో ఎవరూ కబురు పంపలేదు వాడికి. లోపలికి రానని గుమ్మం బయటే ఆగిపోతాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. అప్పుడు వాడు లెక్క చెప్తాడు. ఇన్నేళ్లు నీకు చాకిరీ చేశాను, ఒక్కమాట జవదాటలేదు, నాకు ఒక్క మేకపిల్లని కూడా ఇవ్వలేదు అని. ఆ కోపంలో వాడు "నా తమ్ముడు" అనడు. "నీ కొడుకు" అంటాడు.

నాకు బస్సులో ఒళ్లు జలదరించింది. రెండు వేల ఏళ్ల కిందటి కథలో నా ఫోన్ కాల్ ఉంది.

తండ్రి జవాబు కూడా చూడండి. నీ లెక్క తప్పు అనడు. నా దగ్గరున్నదంతా నీదే కదా అంటాడు. చిన్నవాడి గురించి చెప్పేటప్పుడు మాత్రం మాట మారుస్తాడు, "నీ తమ్ముడు" అంటాడు. ఆ బంధాన్ని పెద్దవాడి చేతిలో మళ్లీ పెడతాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో కథలో లేదు. అక్కడితో ఆపేశారు.

ఇంకోటి కూడా గమనించాను. ఆ తండ్రి ఆరోజు రెండుసార్లు ఇంట్లోంచి బయటికొచ్చాడు. ఒకసారి డబ్బు తగలేసినవాడి కోసం, ఒకసారి మంచివాడి కోసం. కరుణ అవసరమైంది తప్పు చేసినవాడికే కాదు. మంచివాణ్ణని గుమ్మం బయట నిలబడ్డవాడికి కూడా. మా అమ్మ నాకు రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. నేను కట్ చేస్తూనే ఉన్నాను.

మరి తప్పు సంగతేంటి?

మీకు రావలసిన ప్రశ్నే ఇది. నాకూ వచ్చింది. రూమ్మేట్‌ని అడిగాను. "మీకు బాగుందిరా. తప్పు చేసి ఫాదర్ గారి దగ్గర చెప్పేస్తే అయిపోతుంది. మళ్లీ చెయ్యొచ్చు."

వాడు నవ్వలేదు. పాపసంకీర్తనం అంటే ఏమిటో వివరంగా చెప్పాడు. ముందు తన మనసుని తాను తనిఖీ చేసుకోవాలి. నిజంగా పశ్చాత్తాపపడాలి, మళ్లీ చెయ్యననే నిర్ణయం ఉండాలి. గురువు ముందు తన నోటితో తను చెప్పుకోవాలి. ఆయన దేవుడి పేర క్షమాపణ ఇస్తారు, ప్రాయశ్చిత్తం చెప్తారు. అక్కడితో అయిపోదు. దొంగిలించినదుంటే తిరిగి ఇవ్వాలి. ఒకరి పేరు చెడగొడితే దాన్ని సరిచెయ్యాలి. చేయగలిగినంత నష్టాన్ని పూడ్చాలని వాళ్ల సత్యోపదేశంలో స్పష్టంగా ఉంది.

అంటే క్షమ వేరు, నష్టం పూడ్చడం వేరు. ఒకటుంటే రెండోది అక్కర్లేదని కాదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, సర్వర్ పడగొట్టిన కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యం. అలాగని లాగ్స్ డిలీట్ చెయ్యం. ఏం జరిగిందో మొత్తం రాస్తాం, వాడితోనే బాగుచేయిస్తాం, కొన్నాళ్లు ప్రొడక్షన్ యాక్సెస్ తగ్గిస్తాం. వాడు టీమ్‌లోనే ఉంటాడు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది చదివేవాళ్లలో ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు ఉండొచ్చు. కరుణ అంటే కొడుతుంటే పడి ఉండటం కాదు. కుటుంబాల గురించి 2016లో పోప్ ఫ్రాన్సిస్ విడుదల చేసిన లేఖలో, బలహీనుల్నీ పిల్లల్నీ హింస నుంచి కాపాడటానికి విడిగా ఉండటం ధర్మరీత్యా తప్పనిసరి కావచ్చని ఉంది. ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి. క్షమ తర్వాత సంగతి.

మోనికమ్మ

కుటుంబంలో కరుణ అంటే క్యాథలిక్కులు ఎక్కువగా తలుచుకునే పేరు పునీత మోనికమ్మ. నాలుగో శతాబ్దం. ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగాస్తే అనే ఊరు. భర్త కోపిష్టి, పరాయి స్త్రీల వెంట తిరిగేవాడు. పనివాళ్ల చాడీలు విని అత్తగారు కూడా మొదట ఈమెకి వ్యతిరేకమైంది. ఓపికతో అత్తగారి మనసు గెలుచుకుంది. చివరి రోజుల్లో భర్తా మారాడు. కొడుకు అగస్టీను మాత్రం ఆమెకి పెద్ద పరీక్ష అయ్యాడు. గొప్ప తెలివైనవాడు, కానీ తల్లి నమ్మిన దారి వదిలేసి వేరే మతశాఖలో చేరాడు.

అప్పుడు మోనికమ్మ ఏం చేసిందో తెలుసా? కొడుకుతో ఒకే ఇంట్లో ఉండనంది, ఒకే బల్ల దగ్గర తిననంది. నాలాగే! తర్వాత ఆమెకి ఒక కల వచ్చింది. నువ్వున్న చోటే నీ కొడుకూ ఉన్నాడు చూడమని కలలో ఎవరో చూపించారు. ఆ కల తర్వాత మళ్లీ కొడుకుని ఇంట్లోకి రానిచ్చింది. వాడు ఇంకా మారలేదు. మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో కార్తేజ్ రేవులో స్నేహితుణ్ణి సాగనంపుతున్నానని తల్లికి అబద్ధం చెప్పి, ఆమె రాత్రంతా ప్రార్థనలో ఉండగా ఓడెక్కి రోము వెళ్లిపోయాడు. ఆమె సముద్రం దాటి మిలాను దాకా వెళ్లింది. 387లో ఈస్టరు రాత్రి అగస్టీను జ్ఞానస్నానం పొందాడు. అదే ఏడాది ఆమె కన్నుమూసింది. ఈ సంగతులన్నీ తర్వాత అగస్టీనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆగస్టు 27 ఆమె పండగ, మర్నాడు 28 కొడుకు పండగ.

నన్ను ఆపేసింది ఆమె ఓపిక కంటే ఆ మధ్య సంగతి. పునీతురాలు కూడా మొదట తలుపేసింది. కొడుకు మారాక తెరవలేదు, మారకముందే తెరిచింది.

మన దగ్గర లేదా అంటే ఉంది. లంకలో యుద్ధం అయ్యాక, నిన్ను ఇన్నాళ్లు హింసించిన ఈ రాక్షస స్త్రీల్ని చంపుతాను అనుమతివ్వమని హనుమ అడిగితే, సీతమ్మ వద్దంది. తప్పు చేయనివాళ్లెవరు అంది. వాళ్లు ఆమెని క్షమాపణ అడిగి ఉంటారని కూడా అక్కడ లేదు. చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ విన్నప్పుడు నేనెప్పుడూ హనుమ పక్కనే నిలబడ్డాను. గద తీసుకుని.

ఉగాది

పోప్ ఫ్రాన్సిస్ కుటుంబాలతో మాట్లాడేటప్పుడు మూడు మాటలు తరచూ చెప్పేవారు. చెయ్యొచ్చా అని అడగడం, థాంక్స్ చెప్పడం, సారీ చెప్పడం. ఇళ్లల్లో పోట్లాటలు మామూలే, ఒక్కోసారి ప్లేట్లు కూడా ఎగురుతాయి, కానీ రాజీపడకుండా ఆ రోజుని ముగించకండి అనేవారు. దానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, ఒక చిన్న పని చాలు అని కూడా. నాకు ఒక రోజు కాదు, రెండు నెలలు దాటిపోయింది.

ఉగాదికి వెళ్లాను. మనసులో కోపం అలాగే ఉంది, నిజం చెప్తున్నా. ఆంటీ జావ గుర్తు తెచ్చుకుని వెళ్లాను. వాడే తలుపు తీశాడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. "తిన్నావా?" అన్నాను. "లేదన్నయ్యా" అన్నాడు. అమ్మ పెట్టిన ఉగాది పచ్చడి ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నాం. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటోందని నాన్న తర్వాత చెప్పారు.

మధ్యాహ్నం వాణ్ణి గోదావరి గట్టుకి తీసుకెళ్లాను. అప్పుడు రెండో పని చేశాను. తప్పు తప్పని చెప్పాను. అమ్మ నొప్పితో మెట్లు దిగలేక ఎలా ఏడ్చేదో చెప్పాను. నా లోన్ స్టేట్‌మెంట్ చూపించాను. నా పెళ్లి ఎందుకాగిందో చెప్పాను. అరిచాను కూడా. వాడు ఏడ్చాడు. ఆ ఐదు నెలలు ఒక గోడౌన్‌లో మూటలు మోశాడట, అక్కడే పడుకునేవాడట. నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత షరతులు మాట్లాడుకున్నాం. వాడి జీతం వచ్చే ఖాతా నాన్న చూస్తారు. నెలకి 5 వేలు నా ఈఎంఐకి వాడు పంపాలి. నాన్న బ్యాంకు పనులు ఇక నేను చూస్తాను. బెట్టింగ్ మానడానికి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. వాడు అన్నింటికీ ఒప్పుకున్నాడు. చివర్లో నేనే అన్నాను, "వచ్చిన రోజు నీ మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాను. సారీ రా." వాడేమీ అనలేదు. నా బ్యాగ్ తీసుకుని వాడే మోశాడు ఇంటి దాకా.

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. రెండు నెలల తర్వాత వాడు మళ్లీ 2 వేలు పోగొట్టాడు. ఈసారి తేడా ఒకటే. ఆ రాత్రే వాడే ఫోన్ చేసి చెప్పాడు. నాకు మళ్లీ కోపమొచ్చింది, ఫోన్ పెట్టేశాను. పావుగంట తర్వాత నేనే చేశాను. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా అని పేతురు అడిగితే, యేసు లెక్కపెట్టడానికి వీల్లేని సంఖ్య ఎందుకు చెప్పారో ఆ పావుగంటలో కొంచెం అర్థమైంది. మొదటిసారి క్షమించడంలో ఒక గొప్పదనం ఉంటుంది. రెండోసారి ఏమీ ఉండదు, పని మాత్రమే ఉంటుంది. ఆంటీ రోజుకి మూడుసార్లు జావ పెట్టినట్టు.

ఈ వారం చెయ్యాల్సింది

పోలెండుకి చెందిన పునీత ఫౌస్తీనా అనే సన్యాసిని దైవకరుణ భక్తిని ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడు ఈస్టరు తర్వాతి ఆదివారాన్ని దైవకరుణ ఆదివారంగా జరుపుతారు. కరుణ చూపించడానికి మూడు దారులున్నాయని ఆమె డైరీలో ఉంది. పని, మాట, ప్రార్థన. పని చేయలేకపోతే మాట, మాట కూడా కుదరకపోతే ప్రార్థన. మనం ఎవరి పేరు తలుచుకుని ప్రార్థించినా ఈ మూడూ మనకి పనికొస్తాయి.

కాబట్టి ఈ వారం ఇంట్లో మీరు మాట్లాడటం మానేసిన ఒక్క మనిషిని అనుకోండి. కోపం పోవాలని ఎదురుచూడకండి. కుదిరితే ఒక పని చెయ్యండి. మందులు తెచ్చివ్వడం, రీచార్జ్ చెయ్యడం, టిఫిన్ పెట్టడం, ఏదైనా. అది కాకపోతే "తిన్నావా" అని ఒక్క మాట. అదీ ఇప్పుడే కాదనుకుంటే, రాత్రి దీపం దగ్గర మీ వాళ్లందరి పేర్లతో పాటు ఆ పేరు కూడా చెప్పుకోండి. "నీ కొడుకు", "మీ చెల్లెలు", "వాడు" అని కాదు. "మా తమ్ముడు", "మా అక్క", "మా నాన్న" అని.

నాకు ఇంకా ముప్పై ఎనిమిది ఈఎంఐలున్నాయి. ఈ నెల వాడి 5 వేలు రెండో తారీఖునే వచ్చాయి.

వచ్చే వారం కలుద్దాం. నమస్కారం.